గ్లోరీకి బదులు మనిషి

ఎల్లారెడ్డి,
జూన్ 24.

వదినకు,

నీకు ఫోన్ చేస్తే నేను చెప్పేది ఒక ముక్క, నువ్వు చెప్పేది ఇరవై ముక్కలు. మధ్యలో ఏదో ఒక ఊరి సంఘం వాళ్ల ఫోన్ వస్తుంది. "ఆగు మనోజ్ఞా, వీళ్లతోని మాట్లాడి మళ్ల జేస్త" అంటావు. ఇక ఆ రోజుకు అంతే. అందుకని ఉత్తరం రాస్తున్నాను, కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు. మా కాలేజీ లెక్కల సారు నగేశ్ రోజూ కామారెడ్డి నుంచే బస్సులో వస్తాడు, ఇల్లు మీ గల్లీ వెనకే. ఆయన చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

సంగతేమిటంటే, నాట్లు వస్తున్నాయి. నాట్లు అనగానే అందరికీ పచ్చటి పొలం గుర్తుకొస్తుంది, నాకు ఖాళీ బెంచీలు గుర్తుకొస్తాయి. మా డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలు సగం మంది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. మడి తడిసిన మర్నాటి నుంచి ఒక్కొక్కరే కనిపించకుండా పోతారు. పెద్ద రైతులకైతే బీహార్ ముఠాలు వచ్చి నాటు వేసి పోతున్నాయి. ఎకరం, అరెకరం వాళ్లకు మాత్రం ఇప్పటికీ బదులే దిక్కు. ఈ రోజు మీరంతా మా మడికి రండి, రేపు మేం మీ మడికి వస్తాం అన్న లెక్క. ఆ లెక్కలో చదువుకునే పిల్ల కూడా ఒక మనిషే.

ముప్పావు వంతు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. గ్లోరీ అని మహమ్మద్‌నగర్ దారిలో ఒక ఊరి పిల్ల ఉంది, చివరి సంవత్సరం. నా వృక్షశాస్త్రం క్లాసులో దానంత బాగా చదివే పిల్ల లేదు. పోయినేడు ఈ నాట్ల వల్లే హాజరు చాలకపోతే మేమంతా ప్రిన్సిపాల్ నారాయణ సార్‌ను బతిమాలి గట్టెక్కించాం. ఈసారి బతిమాలడాలు లేవని ఆయన ముందే చెప్పేశాడు. పరీక్ష తప్పితే చదువు అక్కడితో సరి. వాళ్లమ్మ సాలవ్వ నా మొహం మీదే అన్నది: "ఇంకో ఏడు సదివియ్యాల్నంటే మాతోని కాదు మేడం."

ఇక నీతో పని. ఊరూరా మహిళా సంఘాలు నీ మాట వింటాయి. నాట్ల కాలంలో పిల్లలు కాలేజీ మానకుండా సంఘాలు చూసుకునేటట్టు ఒక ఒప్పందం రాసుకుందామని నారాయణ సార్‌ను ఒప్పించాను. "ఒక్క సీజన్ చూద్దాం. పనికొస్తే ఉంచుదాం, లేకుంటే చించేద్దాం" అన్నాడు. ఆ కాగితం దీనితోనే పంపుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం, గ్లోరీ మాత్రం బెంచీ మీద ఉండాలి.

అన్నను అడిగానని చెప్పు.

నీ మరదలు,
మనోజ్ఞ.


కామారెడ్డి,
జూలై 3.

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం మీ అన్న పైకి చదివి వినిపించాడు. ఇరవై ముక్కల దగ్గర ఆగి మరీ నవ్వాడు. ఆ పూట ఆయనకు పెరుగు వేయలేదు.

మీ ఒప్పందం కూడా చదివాను. సంఘం చేయవలసినవి పేజీ నిండా ఉన్నాయి. కాలేజీ చేయవలసింది అడుగున ఒక్కటే ఉంది, సంఘానికి అభినందన పత్రం ఇవ్వబడును అని. ఎవరు రాశారో గాని గట్టివాళ్లే. మరదలు అడిగింది గదా అని సంతకాలు పెట్టించాను.

సాలవ్వ వాళ్ల ఊరికి నేనే స్వయంగా పోయాను. పనుల నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి కూర్చున్నారు పాపం. అక్కడి సంఘానికి భూమక్క పెద్ద. మోకాళ్లు అరిగిపోయాయి గాని నోరు ఏమీ అరగలేదు. నేను చెప్పిందంతా విని లేచి నిలబడింది. "మాకు సమజైంది నర్సక్కా. పిల్లల హాజరు మా పూచీ. ఒక్క దినం గూడ వోనియ్యం" అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు.

అంత తొందరగా ఎట్లా ఒప్పుకున్నారని అడుగుతావు, నాకు తెలుసు. ఎవరికి ఎట్లా చెప్పాలో వాళ్లకు అట్లా చెప్పాను. మీరు పేజీలు పేజీలు రాసింది నాలుగు మాటల్లో అయిపోయింది. అది చదువుకుంటే వచ్చే విద్య కాదులే. నువ్వు ఇక నిశ్చింతగా పాఠాలు చెప్పుకో.

నీ వదిన,
లక్ష్మీనర్సమ్మ.


ఎల్లారెడ్డి,
జూలై 22.

వదినకు,

నిశ్చింతగా పాఠాలు చెప్పుకోమన్నావు. సోమవారం ఏం జరిగిందో చెప్తాను, కూర్చుని చదువు.

వేలిముద్రల మిషన్ వానకు చెడిపోయింది. అందుకని పేర్లు పిలిచి హాజరు వేస్తున్నాం. "గ్లోరీ" అన్నాను. వెనక బెంచీ నుంచి "ఆఁ, ఉన్న" అని గట్టిగా వినిపించింది. గ్లోరీ గొంతు ఇంత బొంగురు కాదే అని తలెత్తి చూశాను. కొంగు నడుముకు చెక్కుకుని, ఒళ్లో సద్ది డబ్బా పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"భూమక్కను మేడం. గ్లోరీ నాటెయ్య వోయింది. ఆమె బదులు నేనొచ్చిన."

"కాలేజీకి బదులు రావడం ఉండదు కదా."

"ఎందుకుండది? మడిల మనిషి నిలవడితే దినం వడ్డట్టే గద. గీడ బెంచీ మీద మనిషి కూసున్నది. దినం వడాలె."

పిల్లలు నవ్వి నవ్వి బెంచీల కిందికి పోయారు. నేనూ మొహం బోర్డు వైపు తిప్పుకున్నాను. పొద్దున మొదటి బస్సుకు వచ్చిన మనిషిని ఎట్లా వెళ్లగొడతాను? ఉండమన్నాను. ఆ రోజు ఆకుల పాఠం. ఆకు అడుగున కంటికి కనబడనంత చిన్న నోళ్లు ఉంటాయని, వాటితో గాలి పీలుస్తుందని చెప్తున్నాను. భూమక్క చెయ్యెత్తింది.

"రాత్రి పూట ఏం జేస్తది మేడం?"

"రాత్రి కూడా ఊపిరి తీసుకుంటుంది."

"గంతేనా? పండుకోదా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

ఇది నా ఒక్క క్లాసులోనే కాదు. కామర్స్‌లో ఇద్దరు, తెలుగులో ఒకరు. కామర్స్‌కు వచ్చినామె కునుకు తీస్తుంటే సారు లేపాడట. "వచ్చిన గద సారూ, ఇంకేం గావాలె" అన్నదట. కాలేజీ గంట కొట్టగానే నలుగురూ కలిసి బస్టాండుకు నడిచి పోయారు, ఒక పని చక్కబెట్టుకున్నవాళ్ల లాగా.

వదినా, సూటిగా అడుగుతున్నాను. నువ్వు ఆ ఊళ్లో సరిగ్గా ఏం చెప్పావు?

మనోజ్ఞ.


కామారెడ్డి,
జూలై 25.

మనోజ్ఞకు,

మీ అన్న మంచం మీద పడి నవ్వాడు. నేను కొంచెమే నవ్వాను.

ఏం చెప్పానో అంతగా గుర్తు లేదు. మీటింగులో మాటలు వస్తాయి, పోతాయి. అన్నీ గుర్తు పెట్టుకుంటే బతకగలమా? ఎవరో ఏదో అర్థం చేసుకుని ఉంటారు. కానీ ఒకటి చెప్తున్నాను విను. భూమక్క నీ క్లాసులో కూర్చున్న రోజు ఆమెకు కైకిలి పైసలు లేవు. ఒక రోజు పని వదులుకుని వచ్చింది. ఆమెను ఎవరైనా ఒక్క మాట అన్నారని తెలిస్తే నేను కాలేజీకి వస్తాను, అభినందన పత్రం తీసుకోవడానికి కాదు.

దీనికి మందు సులువే. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను, తిరగేయండి అని. గ్లోరీ కాలేజీకి రావాలి, గ్లోరీ బదులు నువ్వు పొలానికి పోవాలి అన్నాను. "అట్ల గాదు నర్సక్కా" అని ఏదో చెప్పబోయింది. అంతలో ఆమె ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఏముంటుంది, మోకాళ్ల నొప్పి గురించి అయి ఉంటుంది.

ఆకు పండుకోదు. పండుకుంటే నాటు ఎవరు వేస్తారు అని చెప్పు భూమక్కకు.

నీ వదిన.


ఎల్లారెడ్డి,
జూలై 30.

వదినకు,

భూమక్క చెప్పబోయింది ఏమిటో నేనే వెళ్లి కనుక్కున్నాను. నిన్న కాలేజీ అయ్యాక వాళ్ల ఊరికి పోయాను. ఎవరిదో మడిలో నాటు నడుస్తోంది. ఒడ్డు మీద నిలబడి చూస్తే పదిమంది వంగి ఉన్నారు, అందరికంటే నాలుగు బారలు ముందర ఒక్క పిల్ల. అది గ్లోరీ. నన్ను చూసి సిగ్గుపడి నవ్వింది గాని చేయి ఆపలేదు.

సాలవ్వ ఒడ్డు మీదికి వచ్చింది. భూమక్కను పంపి గ్లోరీని కాలేజీకి పంపరాదా అని అడిగాను.

"ఎవ్వలు ఒప్పుకుంటరు మేడం? నా బిడ్డ చెయ్యి ఊర్లనే ఫస్టు. అది నాటే జాగల ఇద్దరు నాటాలె. మా అరెకరం ముందుగాల్ల నాటిచ్చిన్రు అందరు, ఎందుకు? రేపు మా మడికి గ్లోరీ వస్తదని. ఇప్పుడు భూమక్కను తోలితే ఊకుంటరా?"

భూమక్క పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు చిన్నతనంగా ఏమీ అనిపించలేదు. "నా మోకాళ్లు వంగయి మేడం. మడికి నేను దండుగ. కాలేజీలనైతే కూసుండుడే గదా అని నేనొచ్చిన" అన్నది.

చూశావా? పొలానికి చేయి కావాలి, కాలేజీకి మనిషి ఉంటే చాలని లెక్క వేసుకున్నారు. ఇంకొకటి కూడా అన్నది భూమక్క: "నర్సక్కనే జెప్పింది గద, సదువును గూడ బదులు లెక్కనే జూసుకోన్రి, ఒగలికొగలు ఆసరైతే ఒక్క దినం గూడ వోదు అని." నీకు గుర్తు లేని మాట వాళ్లకు పొల్లుపోకుండా గుర్తుంది.

నవ్వు ఇక్కడి వరకే. విషయం నారాయణ సార్ చెవిన పడింది. "ఇది కాలేజీయా, కూలీల అడ్డానా?" అని స్టాఫ్ రూములో అందరి ముందు అరిచాడు. వారం గడువు ఇచ్చాడు. ఆ లోపల పిల్లలు తామై రాకపోతే ఒప్పందం చించేస్తానన్నాడు. మిగతా పిల్లలకు ఎవరో ఒకరు సరిపోయే మనిషి ఇంట్లో దొరికింది, వాళ్లు వస్తున్నారు. గ్లోరీకే ఎవరూ సరిపోవడం లేదు. లెక్క వేసి చూశాను. ఇంకొక్క వారం ఇట్లాగే పోతే, ఆ తర్వాత రోజూ వచ్చినా ముప్పావు వంతు అందదు.

నాకు భయంగా ఉంది వదినా. బాగా పని చేయడమే ఆ పిల్ల చేసిన నేరం అయింది.

మనోజ్ఞ.


కామారెడ్డి,
ఆగస్టు 1.

మనోజ్ఞకు,

అవును, ఆ మాట నేనే అన్నాను. అప్పుడు చాలా బాగా అన్నాననుకున్నాను.

రెండు రోజులు ఆలోచించాను. వాళ్లు బదులు పద్ధతిని సరిగ్గానే పాటించారు. పాటించనిది మీరు. బదులంటే రెండు దిక్కుల నుంచి పోవాలి. వాళ్ల మనుషులు మీ బెంచీల మీదికి వచ్చారు. మీ కాలేజీ నుంచి ఏనాడైనా ఒక్కరు వాళ్ల మడిలోకి దిగారా? మీ అభినందన పత్రం నాటు వేస్తుందా?

ఆదివారం పాత చీర కట్టుకుని ఆ ఊరికి పో. నగేశ్ సారును, ఇంకెవరు వస్తే వాళ్లను, పిల్లలను కూడా వెంట పెట్టుకో. గ్లోరీ ఎవరెవరి మడికి బాకీ ఉందో వాళ్లతో నేను మాట్లాడి పెడతాను. మనింట్లో నాటు వేయించడమే గాని వేయడం నీకు తెలియదు. తెలుసుకుంటే వృక్షశాస్త్రానికి ఏం నష్టం లేదు.

మీ నారాయణ సార్‌కు నువ్వు చెప్పుకో. నేను చెప్తే బాగుండదు.

నీ వదిన.


ఎల్లారెడ్డి,
ఆగస్టు 10.

వదినకు,

నా చేతులు చూస్తే నువ్వు జాలిపడతావు. గోళ్లలో బురద ఇంకా పోలేదు.

పోయిన ఆదివారం తొమ్మిదిమందిమి పోయాం. నగేశ్ సారు మొలకకు మొలకకు మధ్య జానతో కొలిచి నాటుతున్నాడు. సాలవ్వ కాసేపు చూసి, "సారూ, గిట్లయితే దీపావళికి అయితది" అన్నది. నేను రెండుసార్లు పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు నా విద్యార్థులే లేపారు, లేపుతూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

పదకొండింటికి నారాయణ సార్ వచ్చాడు. బూట్లు వేసుకుని ఒడ్డు మీద నిలబడి, ఇదంతా ఆపించే మొహం పెట్టుకుని ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోగా సాలవ్వ అన్నది: "ఊకె నిలవడ్డవేంది సారూ, ఆ నారు కట్టలు గిట్ల అందియ్యరాదు."

ఇంకెవరినో అంటోందేమోనని ఆయన వెనక్కి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు. బూట్లు విప్పాడు. మొదటి కట్ట నగేశ్ సారు వీపు మీద పడింది. తర్వాత చేయి కుదిరింది. మధ్యాహ్నం దాకా విసురుతూనే ఉన్నాడు. ఆయన కళ్లు మాత్రం గ్లోరీ మీద ఉన్నాయి. అన్నాలప్పుడు నా పక్కకు వచ్చి, "ఈ పిల్లను వీళ్లు ఎందుకు వదలరో ఇప్పుడు తెలిసింది మేడం" అన్నాడు.

అంతా బాగానే అయిందనుకుంటే మర్నాడు పొద్దున్నే సాలవ్వ ఫోన్. మేం నాటిన నారు సగం నీళ్ల మీద తేలిందట. మళ్లీ వాళ్లే నాటుకున్నారు. అందుకని మా పని మార్చారు. ఇక మీదట కాలేజీ వాళ్లు నాటకూడదు. ఆదివారాలు పోయి నారుమడిలో నారు పీకి కట్టలు కట్టి మోయాలి. ఆ పనికి పోయే ఆడవాళ్ల చేతులు నాటుకు మిగులుతాయి. దాని బదులుగా గ్లోరీని వారమంతా కాలేజీకి వదులుతారు. "మీ తొమ్మిది మందిని కలిపితే ఒక గ్లోరీ అయితది తియ్యి" అని భూమక్క తీర్పు చెప్పింది. ఒప్పందంలో అభినందన పత్రం వాక్యం నారాయణ సార్ తన చేత్తో కొట్టేసి, ఆదివారాల సంగతి రాసి సంతకం పెట్టాడు.

మంగళవారం నుంచి గ్లోరీ క్లాసులో ఉంది. వెనకబడ్డ పాఠాలు చెప్పబోతే, "ఆకుల పాఠం నాకు ఎరుకనే మేడం. భూమక్క వచ్చి చెప్పింది. అడుగున నోర్లుంటయట, రాత్రి గూడ మూసుకోయట" అన్నది. సగం తప్పు. ఆ సగం సరిచేశాను.

ఇంత సంతోషంలో ఒక్క చిక్కు వచ్చి పడింది. ఈ గురువారం ల్యాబ్ పరీక్ష. అది రాయకపోతే మిగతావి రాసినా లాభం లేదు. అదే గురువారం పోచయ్య మడిలో నాటు. సాలవ్వ మడికి అందరికంటే ముందు వచ్చింది పోచయ్య ఇంటివాళ్లే. అతని నారు ముదిరిపోయింది, ఇంకో రోజు ఆగదు. "నారు పీకేటోళ్లు నాకొద్దు. సరిసమానమైన చెయ్యిని తోలున్రి, లేకుంటే పిల్లనే తోలున్రి" అంటున్నాడు. అతని మాటలో తప్పు లేదు. సాలవ్వ కూడా, "మాట దప్పితే వచ్చే ఏడు మా మడికి ఎవ్వలు రారు మేడం" అంటోంది. గ్లోరీ మాత్రం ల్యాబ్ రికార్డు పూర్తి చేసి నా బల్ల మీద పెట్టి పోయింది. అది చూస్తేనే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆ ఊళ్లో గ్లోరీకి సరిసమానమైన చేయి లేదు. ఏం చేయను?

మనోజ్ఞ.


కామారెడ్డి,
ఆగస్టు 16.

మనోజ్ఞకు,

ఎక్కువ రాయలేను. నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఎందుకో ఏమో, వాతం కావచ్చు. మీ అన్న మందు రుద్దుతున్నాడు, రుద్దుతూ సణుగుతున్నాడు.

గురువారం ఏమైంది? పిల్ల పరీక్షకు వచ్చిందా? వెంటనే రాయి.

నీ వదిన.


ఎల్లారెడ్డి,
ఆగస్టు 19.

వాతం వదినకు,

నీ నడుము ఎందుకు పట్టేసిందో నాకు తెలుసు.

గురువారం గ్లోరీ రాదని నేను ఆశ వదులుకుని ల్యాబ్ తలుపు తీశాను. తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, పెన్ను పట్టుకుని. పోచయ్య మడికి ఎవరు పోయారని అడిగితే, "ఎవరో వచ్చిన్రు మేడం. చెప్పొద్దన్నరు" అని తల వంచుకుంది. పరీక్ష చాలా బాగా రాసింది. సాయంత్రం ఆగలేక ఆ ఊరికి పోయాను. పోచయ్య ఇంటి ముందర కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"మీ వదినెనట గద మేడం. పొద్దు పొడువక ముందే కారు దిగింది. యాభై ఏండ్ల మనిషి, గీమె ఏం నాటుతది అనుకున్న. మునుములో, నాటే వరుసకు ముందల నిలవడ్డది, మల్ల ఎనకకు జూడలే. మా ఇంటామె అందుకోలేక ఒడ్డెక్కి కూసున్నది. గ్లోరీకి ఒక్క పిసరు ఎక్కువనే గని తక్కువ గాదు."

నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. నువ్వు మనింటికి వచ్చి ఇన్నేళ్లయింది. మీటింగుల్లో చూశాను, స్టేజీల మీద చూశాను, కలెక్టర్‌తో వాదిస్తుంటే చూశాను. మడిలో ఒక్కసారి చూడలేదు. నాకు నాటు తెలియదని వెక్కిరించావు, సరే. నీకు తెలుసని ఎందుకు చెప్పలేదు? అన్నకు ఏం చెప్పి పోయావు?

పోచయ్య నిన్ను యాసంగి పంట నాట్లకు కూడా పిలవమన్నాడు. నేను ఇంకా మాట ఇవ్వలేదు.

మనోజ్ఞ.


కామారెడ్డి,
ఆగస్టు 24.

మరదలు పిల్లకు,

మీ అన్నకు మీటింగ్ అని చెప్పి పోయాను. సాయంత్రం మోకాళ్ల దాకా బురద చూసి, ఇదేం మీటింగ్ అన్నాడు. నీళ్ల గురించి మీటింగ్ అన్నాను. నమ్మలేదు గాని కాళ్లకు వేడినీళ్లు పెట్టాడు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పిట్లంలో మాకు కొద్దిగా పొలం ఉండేది, ముగ్గురం ఆడపిల్లలం. అది నీకు తెలుసు. మా చెల్లెళ్లు ఇద్దరూ కాలేజీకి పోయారు, ఒకామె టీచర్ అయింది. అదీ తెలుసు. నేను పదితో ఆగిపోయాను. అక్కకు చదువు అబ్బలేదని మా వాళ్లు మీ ఇంట్లో చెప్పారు, మీరు నమ్మారు, నేనూ ఊరుకున్నాను. నాకు చదువు బాగానే వచ్చేది మనోజ్ఞా. చెల్లెళ్ల చేతులు మెత్తన. వాళ్లు పొలానికి రాకపోయినా ఎవరూ అడగలేదు. నా చేయి గట్టిది. నేను పోతేనే మా మడికి పదిమంది వచ్చేవాళ్లు. అందుకని నన్ను ఆపారు. మా అమ్మ నన్ను అందరి ముందు మెచ్చుకునేది, మెచ్చుకుంటూనే ఆపింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు వేరే దారి లేదు.

కానీ నువ్వు గ్లోరీ చేయి ఊర్లో ఫస్టు అని రాసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఒప్పందాలు, మీటింగులు, ఇవన్నీ నేను ఎందుకు చేస్తున్నానో ఆ రోజు నాకే తెలిసింది.

గురువారం మాత్రం చాలా సంతోషంగా గడిచింది. బురదలో కాలు పెట్టగానే చేయి దానంతట అదే పోయింది. గ్లోరీ బస్సు ఎక్కి పోవడం మడిలో నుంచి చూశాను. ఆ తర్వాత నడుము నొప్పి తెలియలేదు, ఇంటికి వచ్చాకే తెలిసింది.

పోచయ్యకు చెప్పు, యాసంగికి నేను దొరకను. వేరే మండలాల వాళ్లు ముందే అడిగారు. నాటుకు కాదులే. మీ ఒప్పందం ఎట్లా రాసుకున్నారో చూపించమని. మహారాష్ట్ర సరిహద్దు జుక్కల్ వాళ్లయితే మరాఠీలో రాసుకుంటారట.

నీ వదిన,
లక్ష్మీనర్సమ్మ.


ఎల్లారెడ్డి,
నవంబర్ 27.

వదినకు,

నీ పోయిన ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి నీ ముందు నా మార్కులు చెప్పుకుని మురిసిపోయినవన్నీ గుర్తొచ్చి ఆపేశాను. ఒక్కసారి కూడా నీ మొహం చిన్నబోలేదు. ప్రతిసారీ స్వీటు తెప్పించావు.

మంచి మాట చెప్తాను. హాజరు లెక్క తేలింది, గ్లోరీ గట్టెక్కింది. ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. నారాయణ సార్ ఆ కాగితం తన చేత్తో బోర్డుకు అంటించి, యాసంగి నారు ఎప్పుడు పోస్తారని నన్ను అడిగాడు. ఆయనకు కట్టలు విసరడం మీద మనసు పడిందని మా అనుమానం.

ఈ రోజు మొదటి పరీక్ష. గ్లోరీతో పాటు సాలవ్వ కూడా వచ్చింది. కూతురిని లోపలికి పంపి గేటు దగ్గరే నిలబడింది. పనికి పోలేదా అని అడిగితే, "ఇయ్యాల వోలేదు" అన్నది. నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, పరీక్షల గూడ బదులు ఉంటదా?"

"ఉండదు సాలవ్వా. ఎవరిది వాళ్లే రాయాలి. ఇంకొకరి చేయి పనికిరాదు."

"నిజంగనా?"

"నిజంగానే."

సాలవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచిగైంది మేడం. నడక నేర్చిన కాడికెళ్లి నా బిడ్డ చెయ్యి మందికే పని జేసింది. నాకు గూడ జేసింది. గీ మూడు గంటలన్న దాని చెయ్యి దానికే పని జేస్తది."

అప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు వదినా.

గంట కొట్టారు. నాకు ఆ గదిలోనే డ్యూటీ, లోపలికి పోయాను. గ్లోరీ కిటికీ పక్క బెంచీలో కూర్చుని ఉంది. ప్రశ్నపత్రం ఒకసారి చదువుకుంది, తల వంచింది, మొదలుపెట్టింది. మిగతా పిల్లలు ఇంకా పెన్ను మూత తీస్తున్నారు, అది అప్పటికే పేజీ తిప్పింది. ఎంత వేగంగా రాస్తోందో నువ్వు చూడాల్సింది.

నీ మనోజ్ఞ.